అమ్మకి పైకి చదివి వినిపించడానికి మంచి క్రైమ్ నవలలు చెప్పండి

పెదవాల్తేరు పాఠకురాలు:

అందరికీ నమస్కారమండీ. నాకు కొన్ని పుస్తకాల పేర్లు కావాలి. నేను చదువుకోవడానికి కాదు, మా అమ్మకి పైకి చదివి వినిపించడానికి. అందుకే మామూలుగా దొరికే లిస్టులు నాకు పనికిరావడం లేదు.

అమ్మకి 76 ఏళ్ళు. నీటికాసుల వల్ల చూపు బాగా తగ్గిపోయింది. ఎదురుగా కూర్చున్న మనిషిని పోల్చుకుంటుంది గానీ, పుస్తకంలో ఒక లైను అయ్యాక రెండో లైను ఎక్కడ మొదలవుతుందో దొరకదు. టీవీ సీరియళ్ళు ఆవిడకి పడవు. పెళ్ళి కాకముందు విజయనగరంలో అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని చదివిన డిటెక్టివ్ నవలల మీద ఇప్పటికీ అంతే ఇష్టం. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు, ఈ ముగ్గురి సంగతి ఎత్తితే చాలు, మద్రాసులో మా పక్కవాటాలో ఉండి వెళ్ళినవాళ్ళ గురించి చెప్పినట్టు చెబుతుంది.

రోజూ రాత్రి భోజనాలయ్యాక గంటసేపు చదువుతాను. అమ్మ ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని దీపానికి వత్తులు చేస్తూ వింటుంది. వత్తి చెయ్యడానికి కళ్ళతో పనిలేదు, వేళ్ళకే అలవాటు. కథలో ఎక్కడైనా అనుమానం తగిలితే ఆ వేళ్ళు ఆగిపోతాయి. నేను ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెడతాను. పుస్తకం పూర్తయ్యాక చూస్తే ఆ గీతల్లో సగానికి పైగా అసలైన క్లూల మీదే ఉంటాయి.

కొమ్మూరి వారివి దొరికినవన్నీ అయిపోయాయి. "ఉరితాడు", "చావు కేక", "లక్షాధికారి హత్య" అయితే రెండోసారి కూడా చదివించుకుంది. ఇప్పుడు అగాథా క్రిస్టీని ఇంగ్లిష్‌లో పట్టుకుని, అప్పటికప్పుడు తెలుగులో చెబుతూ పోతున్నాను. "అండ్ దెన్ దేర్ వర్ నన్" మొదలుపెట్టినప్పుడు పదిమంది మనుషులు, పది ఇంగ్లిష్ పేర్లు. రెండో రోజుకే అమ్మ చేతులెత్తేసింది. తర్వాత తనే దారి చెప్పింది. పేర్లు వద్దు, మనిషి ఎలాంటివాడో అదే పేరుగా చెప్పమంది. దాంతో వాళ్ళు జడ్జిగారు, డాక్టరుగారు, ముసలి జనరల్, టీచరమ్మ, మడి మామ్మ అయిపోయారు. ఎమిలీ బ్రెంట్‌ని మడి మామ్మ అన్నాక నాకూ ఆవిడ బాగా అర్థమైంది. నవల 1939లో వచ్చింది. ఆ దీవి ఇంగ్లండ్‌లో ఉంది. అయినా మా అమ్మకి ఆవిడ తెలిసిన మనిషే.

పైకి చదవడం మొదలుపెట్టాక నాకు తెలిసొచ్చినవి కొన్ని ఉన్నాయి. అవి దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

వినేవాళ్ళు పేజీ వెనక్కి తిప్పుకోలేరు. ఎప్పుడో నలభయ్యో పేజీలో ఒక మూల రాసిన చిన్న వివరం మీద కథంతా నిలబెడితే, కళ్ళతో చదివేవాళ్ళు వెళ్ళి చూసుకుంటారు. చెవులతో వినేవాళ్ళకి అది అన్యాయం. క్లూ మనిషి మాటల్లో ఉంటే గుర్తుంటుంది, గదిలో సామాను జాబితాలో ఉంటే జారిపోతుంది.

రెండోది, రక్తపాతం. కళ్ళతో చదివేటప్పుడు మనసు ఒప్పని పేరా దాటేస్తాం. నోటితో అలా దాటలేం. ఒక కొత్త నవలలో చిన్నపిల్ల మీద జరిగిన ఘోరం పేజీలకి పేజీలు రాశారు. నా గొంతుతో ఆ మాటలు అమ్మకి చెప్పడం నావల్ల కాలేదు, పుస్తకం మూసేశాను. నేరం ఉండాలి, తప్పదు. కానీ దాన్ని చూసి రాసినవాళ్ళు ముచ్చటపడకూడదు.

మూడోది అమ్మ సొంత రూలు. "హంతకుడు మొదట్లోనే మనకి ఎదురుపడాలి. మనం వాడికి కాఫీ ఇచ్చి పంపించి ఉండాలి. చివర్లో ఎవణ్ణో బొంబాయి నుంచి దింపి వీడే అంటే నేనొప్పుకోను."

తెలుగైనా, ఇంగ్లిష్ అయినా పర్వాలేదు. క్రైమే కానక్కర్లేదు, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి సరదా పుస్తకాలు కూడా చెప్పండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్ళి వెతకగలను, కొనమన్నా కొంటాను.

గాజువాక షిఫ్ట్:

మేడమ్, నేను స్టీల్‌ప్లాంట్ బస్సులో చదివే బాపతు. మధుబాబు గారి షాడో నవలలు ట్రై చేశారా? పరుగు ఆగదు. యండమూరి "తులసిదళం" కూడా ఉంది, కానీ రాత్రిపూట వద్దు. అందులోనూ చిన్నపిల్లే కష్టాలు పడుతుంది, మీరు చెప్పినదాన్ని బట్టి మీకు నచ్చకపోవచ్చు.

సరదాకి అయితే మల్లాది వెంకట కృష్ణమూర్తి "చంటబ్బాయ్". డిటెక్టివ్ కథే, కానీ నవ్వుతూ వినొచ్చు. 1986లో జంధ్యాల సినిమా తీశారు కాబట్టి అమ్మగారికి పాత్రలు ముందే తెలిసి ఉంటాయి, పేర్ల గొడవ ఉండదు.

వాల్తేరు డివిజన్:

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నేను రైల్వేలో కంట్రోల్‌లో పనిచేసి రిటైరయ్యాను. బళ్ళు ఎక్కడ ఉన్నాయి, ఎప్పుడు దాటాయి, ఏది దేనికోసం ఆగింది అని చార్టు మీద గీతలు గీయడమే ఉద్యోగం. కాబట్టి నేను చెప్పే పుస్తకం మీద నాకు పక్షపాతం ఉంటుంది, అయినా చెబుతాను.

జపాన్ రచయిత సెయిచో మత్సుమోతో 1958లో ఒక నవల తెచ్చారు. ఇంగ్లిష్‌లో "పాయింట్స్ అండ్ లైన్స్" పేరుతో వచ్చింది, ఈమధ్య "టోక్యో ఎక్స్‌ప్రెస్" అని కొత్త అనువాదం దొరుకుతోంది. చిన్న పుస్తకం. ఫుకువోకా దగ్గర కాషీ అనే సముద్రతీరంలో తెల్లారేసరికి ఇద్దరు చనిపోయి ఉంటారు. ఒకాయన ప్రభుత్వ శాఖలో ఉద్యోగి, ఆవిడ టోక్యోలో ఒక హోటల్లో వడ్డన చేసే మనిషి. అందరూ ప్రేమికుల ఆత్మహత్య అని రాసేసుకుంటారు. తోరిగాయ్ అని ఒక వయసు మళ్ళిన లోకల్ డిటెక్టివ్ ఉంటాడు. నలిగిన కోటు, పెద్ద హోదా లేదు. చనిపోయినాయన జేబులో, రైల్లో భోజనాలు వడ్డించే బోగీలో ఇచ్చిన రసీదు దొరుకుతుంది. దాని మీద ఒక్కరికే అని ఉంటుంది. ఇద్దరూ కలిసి చావడానికి బయల్దేరితే, ఒక్కడే ఎందుకు తిన్నాడు? ఆవిడ ఆకలిగా లేకపోయినా పక్కన కూర్చుని కాఫీ అయినా తాగదా? ఆ ముసలాయనకి అక్కడ మొదలవుతుంది అనుమానం.

ఇంకో చోట టోక్యో స్టేషన్. పదమూడో నంబరు ప్లాట్‌ఫాం మీద నిలబడి చూస్తే పదిహేనో నంబరు మీద ఆగిన బండి కనబడాలంటే మధ్యలో ఏ బండీ ఉండకూడదు. సాయంత్రం అంత రద్దీలో అలా ఖాళీ దొరికేది నాలుగు నిమిషాలు. సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లోనే సాక్షులు ఆ ఇద్దర్నీ బండి ఎక్కుతుండగా చూశారు. అది అదృష్టమా, ఎవరైనా ఏర్పాటు చేశారా? ఇది చదివినప్పుడు నేను లేచి కూర్చున్నాను. నా సర్వీసంతా అలాంటి నాలుగు నిమిషాల ఖాళీలు వెతకడంలోనే పోయింది. మన విశాఖపట్నం స్టేషన్ సంగతి తీసుకోండి. హౌరా వైపు నుంచి వచ్చి చెన్నై వైపు పోయే బండి ఇక్కడికొచ్చాక ఇంజను రెండో కొసకి మార్చుకుని, వచ్చిన దారినే కొంత వెనక్కి వెళ్ళి మరీ దువ్వాడ దారి పట్టాలి. ఆ కాసేపు ప్లాట్‌ఫాం ఖాళీ అవదు, వెనక బండికి దారి ఉండదు. కొన్ని బళ్ళు అందుకే ఊళ్ళోకి రాకుండా దువ్వాడ మీదుగా పక్కనుంచి పోతాయి. టైంటేబుల్ అంటే ఎవరికో ఒకరికి ఇచ్చిన నిమిషం ఇంకొకరి దగ్గర తీసుకున్నది. ఈ మాట అర్థమైన రచయిత మత్సుమోతో.

మీ అమ్మగారి రూలుకి ఇది సరిపోతుంది. దోషి ఎవరో చాలా ముందే అనుమానం వస్తుంది, దాచిపెట్టరు. అతను ఆ సమయంలో దేశానికి ఇంకో కొసలో, హొక్కాయిడో దారిలో ఉన్నానంటాడు. దానికి రుజువులున్నాయి. మరి ఎలా? మిహారా అనే కుర్ర ఇన్‌స్పెక్టరు ఆ గోడని ఒక్కో ఇటుకా తీసుకుంటూ వెళ్తాడు. పోలీసులు అలసిపోతారు, కాఫీ తాగుతారు, మళ్ళీ మొదటికొస్తారు. రక్తం ఒక్క చుక్క కూడా మీరు పైకి చదవాల్సిన పని లేదు. జపాన్ పేర్లు మాత్రం కాస్త ఇబ్బంది. మీ అమ్మగారు ఎలాగూ పేర్లు పెట్టేస్తారు కాబట్టి తోరిగాయ్‌ని ముసలి డిటెక్టివ్ అనండి, మిహారాని కుర్ర ఇన్‌స్పెక్టర్ అనండి, చాలు. రైళ్ళ వేళలు వచ్చిన చోట మాత్రం నెమ్మదిగా చదవండి, ఒకటికి రెండుసార్లు చెప్పండి. వాటిని దాటేస్తే నవల లేదు.

ఇంకొకటి, షెర్లాక్ హోమ్స్ కథల్లో "సిల్వర్ బ్లేజ్". పందెం గుర్రం మాయమైపోతుంది. మొదట్లోనే రైల్లో కూర్చుని హోమ్స్ బండి వేగం గంటకి యాభై మూడున్నర మైళ్ళు అంటాడు. ఎలా చెప్పావంటే, ఈ లైను మీద తంతి స్తంభాలు అరవై గజాలకొకటి ఉన్నాయి, లెక్క సులువే అంటాడు. మేమూ అంతే చేసేవాళ్ళం. కిలోమీటరు రాయి నుంచి కిలోమీటరు రాయికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి 3600ని దాంతో భాగిస్తే గంటకి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. నలభై సెకన్లు పడితే తొంభై. మీ అమ్మగారిని ఈసారి విజయనగరం తీసుకెళ్ళేటప్పుడు రాళ్ళు మీరు చెప్పండి, లెక్క ఆవిడ్ని చెయ్యనివ్వండి.

ఎంవీపీ పుస్తకాల పురుగు:

ఆంటీ, మీరు చెప్పిన కండిషన్లన్నిటికీ సరిపోయేది నాకు తెలిసి ఒకటి ఉంది. అగాథా క్రిస్టీదే, "ది థర్టీన్ ప్రాబ్లమ్స్", 1932. మిస్ మార్పుల్ కథలు. కొంతమంది మంగళవారం రాత్రుళ్ళు ఒకింట్లో కూర్చుని, ఒక్కొక్కరు తమకి తెలిసిన ఒక చిక్కు కేసు చెబుతారు. మిగతావాళ్ళు ఊహించాలి. మూల కుర్చీలో అల్లుకుంటూ కూర్చున్న ముసలావిడ ప్రతిసారీ జవాబు చెబుతుంది, అది కూడా "మా ఊళ్ళో ఒకామె ఇలాగే చేసింది" అంటూ. అంటే అసలు పుస్తకమే పైకి చెప్పుకునే కథలు. ఒక్కో కథ ఒక్క రాత్రిలో అయిపోతుంది. జవాబు చెప్పే ముందు ఆపేసి అమ్మమ్మని అడగండి.

శరదిందు బందోపాధ్యాయ్ బ్యోమకేశ్ బక్షీ కథలు కూడా. బెంగాలీవి, శ్రీజాత గుహ ఇంగ్లిష్ అనువాదం ఉంది. 1932లో మొదలయ్యాయి. డిటెక్టివ్ అన్న మాటే నచ్చదు అతనికి, సత్యాన్వేషి అంటాడు. మొదటి కథలో కలకత్తాలో ఒక మెస్‌లో వేరే పేరుతో దిగుతాడు. మెస్, తమలపాకులు, ఉమ్మడి కుటుంబాలు, వీలునామాలు, ఇవేవీ అమ్మమ్మకి విడమరిచి చెప్పక్కర్లేదు.

కెయిగో హిగషినో "ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్" నాకు ప్రాణం. హత్య మొదటి అధ్యాయంలోనే మన కళ్ళ ముందు జరిగిపోతుంది. చేసిందెవరో తెలుసు. పక్కింటి లెక్కల మాస్టారు దాన్ని ఎలా కప్పాడన్నదే కథ. మనుషులు తక్కువ. కానీ ఆ మొదటి సీను ఒక తల్లీ కూతురూ, ఇంటికొచ్చి పీడించే మాజీ భర్త. మీరు ముందు చదివి చూసుకుని అప్పుడు వినిపించండి.

జోసెఫీన్ టే "ది డాటర్ ఆఫ్ టైమ్" కూడా చెబుదామనుకున్నాను. కాలు విరిగి ఆసుపత్రి మంచం మీద ఉన్న పోలీసు, ఒక పాత రాజు బొమ్మ చూసి, ఇతను హంతకుడి మొహంలా లేదే అని ఐదు వందల ఏళ్ళ నాటి కేసు తిరగేస్తాడు. గొప్ప పుస్తకం. కానీ అందులో ఎడ్వర్డులు, రిచర్డులు ఎంతమందో, వింటే బుర్ర తిరిగిపోతుంది. అది మీరే చదువుకోండి.

మీ గొంతుకి రెస్ట్ కావాలంటే, దాసుభాషితం యాప్‌లో తెలుగు పుస్తకాలు ఆడియోగా ఉన్నాయి. చూపు తక్కువైనవాళ్ళకి సుగమ్య పుస్తకాలయ అని ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 నుంచి ఉంది, అమ్మమ్మ పేరు మీద సభ్యత్వం తీసుకోవచ్చు. వాళ్ళ కోసం పుస్తకాన్ని వినే రూపంలోకి మార్చుకోవడానికి కాపీరైట్ చట్టంలో 2012 సవరణే వీలిచ్చింది.

పెదవాల్తేరు పాఠకురాలు:

అందరికీ చాలా థాంక్స్. షాడో గురించి చెప్పగానే అమ్మ ఒకటే అంది, "కొట్టుకుంటే ఎవరు గెలుస్తారో నాకు ముందే తెలుసు కదా." కాబట్టి అది వద్దు. "చంటబ్బాయ్" మాత్రం దొరికితే తెస్తాను.

రైల్వే బాబాయిగారూ, ఆ ఒక్కరి రసీదు సంగతి అమ్మకి చెప్పాను. వెంటనే, "ఆవిడ ఉపవాసమేమో!" అంది. కాసేపాగి, "అయినా మగాడు ఒక్కడూ కూర్చుని తింటాడా, చచ్చేముందు?" అంది. వత్తులు ఆగిపోయాయి. ఇంకేం, పుస్తకం ఆర్డర్ పెట్టేశాను.

మిస్ మార్పుల్ కథలు మా దగ్గర ఉన్నాయి, మొదటి రెండు అయ్యాయి. పురుగుగారూ, మీరన్నట్టే జవాబుకి ముందు ఆపాను. మొదటిది కొద్దిలో తప్పింది. రెండోదానికి కారణం సహా చెప్పేసింది. ఆ ముసలావిడ ఊరి మనుషుల్ని బట్టి లోకాన్ని చూడటం అమ్మకి ఎంత నచ్చిందో చెప్పలేను. ఆడియో కూడా ప్రయత్నించాం. బాగానే ఉంది, మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉన్నప్పుడు పనికొస్తుంది. రాత్రి మాత్రం నేనే చదవాలంటుంది, ఎందుకంటే యాప్‌ని ఆపి వాదించడం కుదరదు.

ఒక్క చిక్కుంది. ఇంగ్లిష్ నుంచి అప్పటికప్పుడు చెబుతుంటే నా తెలుగు పేలవంగా వస్తోంది. కథ అందుతుంది గానీ మాట రుచి అందదు. మన మాటలో, మన వైపు మాటలో, నేరం గురించి రాసినవి ఏమైనా ఉన్నాయా? డిటెక్టివ్ లేకపోయినా సరే.

నల్లకోటు:

ఉన్నాయండీ. మన ఊరివే ఉన్నాయి. ఇంత పొడుగు థ్రెడ్‌లో ఇప్పటిదాకా ఎవరూ రావిశాస్త్రి గారి పేరు ఎత్తలేదని బాధగా ఉంది. నేను ఇక్కడి కోర్టులో క్రిమినల్ కేసులు చేస్తాను. నా మటుకు నాకు తెలుగులో నేరం గురించి ఆయన కంటే బాగా రాసినవాళ్ళు లేరు.

రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) విశాఖపట్నంలో ప్లీడరు. "ఆరు సారా కథలు" తీసుకోండి. మద్యనిషేధం ఉన్న రోజుల కథలు. సారా కాసేవాళ్ళు, అమ్మేవాళ్ళు, పట్టుకునే పోలీసులు, కేసు రాసేవాళ్ళు, వాదించే ప్లీడర్లు, ఇంతమంది ఒకరి మీద ఒకరు ఎలా బతుకుతున్నారో చూపిస్తారు. అందులో "మాయ" అన్న కథతో మొదలుపెట్టండి. కుర్ర ప్లీడరు దగ్గరికి ముత్యాలమ్మ అనే సారా కేసు ముద్దాయి వస్తుంది. ఆవిడ మాట్లాడటం మొదలుపెడితే, చట్టం చదువుకున్నవాడికి చట్టం అంటే ఏమిటో ఆవిడ చెబుతుంది. మీ అమ్మగారిది విజయనగరం అన్నారు కదా, ఆ యాస ఆవిడ చెవికి కొత్త కాదు. కళ్ళతో చదివితే ఆ వాక్యాలు పొడుగ్గా, మెలికలుగా అనిపిస్తాయి కొందరికి. పైకి చదివి చూడండి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ గొంతు పెంచాలో వాక్యమే చెబుతుంది. అవి వినడానికి పుట్టిన కథలు.

ఒక్క విషయంలో మీ అమ్మగారితో పెద్దరికం దాటి వాదిస్తున్నాను, ఏమనుకోవద్దని చెప్పండి. ఎవరు చేశారన్నదే ప్రశ్న అనుకుంటే ఈ కథలు ఆవిడకి ఆనవు. ఇక్కడ ఎవరు చేశారో మొదటి పేజీలోనే తెలుస్తుంది. శిక్ష ఎవరికి పడుతుంది, ఎవరు తప్పించుకుంటారు, సాక్షి ఎందుకు అడ్డం తిరిగాడు, ఇదీ ప్రశ్న. నేను రోజూ చూసేది కూడా అదే. నవలలో డిటెక్టివ్ బూడిదలో బొత్తాం ఏరి హంతకుణ్ణి పట్టుకుంటాడు. మా దగ్గర ఆ బొత్తాం దొరికినా, దొరికిన చోటు పంచనామాలో ఒకలాగా ఉంటుంది, ఆ పంచనామాకి సాక్షిగా నిలబడినతను కోర్టులో ఇంకొకలాగా చెబుతాడు. అతను పోలీసులు సంతకం పెట్టమంటే పెట్టానంటాడు. అప్పుడు బొత్తాం మామూలు బొత్తాం అయిపోతుంది. బోనులో నిలబడ్డ ఆ మనిషి మొహం చూస్తే, అబద్ధం చెబుతున్నాడని కోపం రాదు. సాయంత్రం మళ్ళీ అదే వీధిలోకి, అదే మనుషుల మధ్యకి వెళ్ళాలి అతను. రావిశాస్త్రి గారు ఆ వీధి దాకా వెళ్ళి రాశారు.

ఆ తర్వాత బీనాదేవి. ఇది ఒక్కరి పేరు కాదు. న్యాయశాఖలో పనిచేసిన బి. నరసింగరావు గారు, ఆయన భార్య త్రిపురసుందరి గారు కలిసి ఈ పేరుతో రాశారు. "హేంగ్ మీ క్విక్" అని ఒక నవల ఉంది. కోర్టుని బెంచి వైపు నుంచి చూసినవాళ్ళ రాత. ఇది దొరకడం కష్టం.

ఇక అందరూ నాటకం అనుకుని వదిలేసేది "కన్యాశుల్కం". మీ అమ్మగారికి గిరీశం, మధురవాణి కంఠస్థం అయ్యే ఉంటారు. కానీ ఈసారి దాన్ని కేసుగా చదవండి. మాయమైన పెళ్ళికూతురు ఉంది. ఆవిణ్ణి చంపేశాడని లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు ఉంది. నిజానికి ఆ పెళ్ళికూతురు ఆడపిల్లే కాదని చూసేవాళ్ళకి తెలుసు, కోర్టుకి తెలియదు. దొంగ సాక్ష్యాలు, హెడ్ కానిస్టేబు, వకీళ్ళ ఫీజులు, చివరికి విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులు గారి దగ్గర చిక్కు విడిపోవడం. గురజాడ 1892లో ఆడించి, 1909లో తిరగరాసి పెంచిన నాటకం. సస్పెన్స్‌కి ఏం తక్కువ? పాత్రకొక గొంతు పెట్టి చదవండి. అమ్మగారిని మధురవాణి వేషం కట్టమనండి.

వాల్తేరు డివిజన్:

నల్లకోటుగారూ, బాగా చెప్పారు. "ఆరు సారా కథలు" ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడగండి, విశాలాంధ్ర వాళ్ళ షాపులో కూడా అడిగి చూడండి. "అల్పజీవి" కూడా తీసుకోండమ్మా. గుమాస్తా సుబ్బయ్య భయం గురించి. అది నేరం కథ కాదు గానీ, ఒక మనిషి తప్పు చెయ్యకుండానే ఎంత భయపడగలడో అందులో ఉంటుంది.

పెదవాల్తేరు పాఠకురాలు:

"మాయ" చదివాం. ముందు చెప్పాల్సింది ఏమిటంటే, నేను చదవలేకపోయాను. ముత్యాలమ్మ మాటల దగ్గర నా గొంతు ఆఫీసు గొంతులా ఉందట. "అలా కాదే, ఇలా" అని అమ్మ నా చేత వాక్యం చదివించి, తను దాన్ని తిరిగి అంది. రెండు పేజీలు పోయాక పద్ధతి మారిపోయింది. నేను చదవడం, అమ్మ తిరిగి అనడం. ఆవిడ నోట్లో ఆ మాటలు ఎంత నిక్కచ్చిగా పలికాయంటే, వంటింట్లో ఉన్న మా పనమ్మాయి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. తనది శ్రీకాకుళం వైపు. ముత్యాలమ్మ పోలీసుల గురించి చెప్పే చోట "నిజమేనమ్మా" అని రెండుసార్లు అంది. కథ అయ్యాక ఆ ప్లీడరు కుర్రాడికి బుద్ధొచ్చిందా లేదా అని వాళ్ళిద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. అమ్మ వచ్చిందంది. తను రాదంది, వస్తే తిండెలా అంది.

నల్లకోటుగారూ, మీతో వాదనకి అమ్మ జవాబు ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఎవరు చేశారో కూడా ముఖ్యమే. అది తెలిస్తేనే కదా, శిక్ష పడ్డవాడు వాడు కాదని తెలిసేది."

ఇప్పుడు వరస ఇలా పెట్టుకున్నాం. వారంలో నాలుగు రాత్రులు సారా కథలు, వినేది ముగ్గురం కాబట్టి తొందరపడం. శని, ఆదివారాలు "టోక్యో ఎక్స్‌ప్రెస్", నిన్ననే పార్సిల్ వచ్చింది. బాబాయిగారూ, ఆ స్టేషన్ సీను దగ్గరికి వచ్చాక మీకో ప్రశ్న పంపుతాం, మన స్టేషన్లో ఆ పని ఏ ప్లాట్‌ఫాంల మధ్య కుదురుతుందో అమ్మకి కావాలట. "హేంగ్ మీ క్విక్" పాత కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి ఇక్కడ చెప్పండి. గాజువాక అయినా భీమిలి అయినా నేనే వచ్చి తీసుకుంటాను, అట్ట వేసి తిరిగి ఇస్తాను. పుస్తకంలో పెన్సిల్ గీతలు మాత్రం పెట్టను, వేరే కాగితం మీద రాసుకుంటాను.